ప్రశ్న – జవాబు: పిలవకముందే వచ్చినవాడు

డిసెంబరు సంచికకు వచ్చిన ఉత్తరాలను ముందు వేసుకొని కూర్చున్నప్పుడు, వాటిలో ఎక్కువ భాగం ఒకే సంగతిని వేరువేరు వైపుల నుండి అడుగుతున్నాయని నాకు అనిపించింది. దేవుడు మనలను ప్రేమించాడని ఏటేటా పాడుకుంటున్నాం గదా, ఆ ప్రేమ ఎటువంటిది, అది మన ఇంటి గడప దాకా వచ్చినప్పుడు మనలను ఏమి చేయమంటుంది అన్నదే ఆ సంగతి. అందుచేత ఈ నెల ఇతర విషయాల మీద వచ్చిన ప్రశ్నలను పక్కన ఉంచి, ఐదు ఉత్తరాలకు మాత్రమే జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: నేను క్రైస్తవుడిని కాను. తెలుగు ఉపాధ్యాయుడిగా పని చేసి రిటైరయ్యాను. క్రిస్మస్‌కు పక్కింటివారు పిలిస్తే ఏటా ప్రార్థనకు వెళతాను. దేవుడు ప్రేమాస్వరూపి అని అక్కడ చెబుతారు. భగవంతుడు భక్తవత్సలుడని మేమూ చెబుతాం. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు మొరపెడితే శ్రీహరి ఉన్నపళాన పరుగెత్తి వచ్చిన కథ మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి క్రిస్మస్ కొత్తగా చెప్పే వార్త ఏమిటి? వాదనకు కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను. (కందుకూరు)

జవాబు: మాస్టారూ, ఇంత నిండు మనసుతో అడిగిన ప్రశ్న ఈ శీర్షికకు వచ్చి చాలా కాలమయింది. గజేంద్రుని కథను నేను ఎనిమిదో తరగతిలో, మా తెలుగు పంతులుగారు గొంతు గద్గదమవుతుండగా పద్యాలు చదివినప్పుడు విన్నాను. ఆర్తుడి మొర వినిపించిన తరువాత ఒక్క క్షణం కూడా ఆగలేని దేవుడు అన్న ఆ భావం ఈనాటికీ నా మనసును కదిలిస్తుంది. కాబట్టి దేవునికి ప్రేమ ఉన్నదన్న మాట మా ఒక్కరి సొత్తేనని నేను చెప్పబోను. నిజానికి క్రిస్మస్ సందేశం అంతవరకే అయితే దాన్ని సువార్త అనడం కూడా సరికాదు. ఒకరి స్వభావాన్ని వర్ణిస్తే అది వర్ణన అవుతుంది. జరిగినదాన్ని చెబితేనే అది వార్త అవుతుంది. రోమా చక్రవర్తి ఔగుస్తు ప్రజాసంఖ్య రాయించమని ఇచ్చిన ఆజ్ఞతో లూకా తన కథనాన్ని మొదలుపెట్టి, నజరేతు నుండి బేత్లెహేముకు ఒక గర్భిణి చేసిన ప్రయాణంతో కొనసాగించడంలోని ఉద్దేశం ఇదే. ఫలానా రాజు కాలంలో, ఫలానా ఊరిలో ఇది జరిగిందని ఆయన చెప్పదలచాడు.

క్రైస్తవులు ఎక్కువగా కంఠస్థం చేసేది యోహాను సువార్త 3వ అధ్యాయం 16వ వచనం. “దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను” అని అది మొదలవుతుంది. ఇందులో రెండు మాటల దగ్గర కొంచెం ఆగాలి. ‘ఎంతో’ అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న ‘హూతోస్’ అనే మాటకు ‘ఈ విధంగా’ అనేది ప్రధానమైన అర్థం. అంటే ప్రేమ ఎంత అన్న కొలతకంటే ముందు, ప్రేమించిన తీరు ఏమిటో ఆ వచనం చూపిస్తున్నది. తన కుమారుణ్ణి ఇవ్వడమే ఆ తీరు. రెండవది ‘లోకము’. యోహాను ఈ మాట వాడినప్పుడు కొండా కోనా చెట్టూ చేమా ఉన్న అందమైన సృష్టిని తలచుకోవడం అరుదు. దేవుణ్ణి ఎరుగని, ఎరగడానికి ఇష్టపడని మనుషులనే ఆయన ఎక్కువచోట్ల లోకమంటాడు. “ఆయన తన స్వకీయులయొద్దకు వచ్చెను, ఆయన స్వకీయులు ఆయనను అంగీకరింపలేదు” అని మొదటి అధ్యాయంలోనే రాశాడు. ప్రసంగాలలో తరచు ‘అగాపే’ అనే గ్రీకు పదాన్ని ఎత్తి, అది దేవుని ప్రేమకు మాత్రమే చెల్లే ప్రత్యేకమైన పదమని అంటుంటారు. మొదట్లో నేను కూడా అలాగే బోధించాను గాని తరువాత మానుకున్నాను. ఎందుకంటే ఆ 16వ వచనానికి మూడు వచనాల తరువాత, మనుషులు వెలుగుకంటే చీకటిని ప్రేమించారని చెప్పినప్పుడు యోహాను వాడినదీ ఆ క్రియాపదాన్నే. కాబట్టి మహత్తు పదంలో లేదు. ఎవరు ఎవరిని, వారు ఏ స్థితిలో ఉండగా ప్రేమించారన్నదే మనం చూడవలసినది.

గజేంద్రుడు పిలిచాడు, శ్రీహరి వచ్చాడు. క్రిస్మస్ వార్తలో పిలుపు కంటే ముందు రాకడ ఉన్నది. పౌలు రోమీయులకు రాసిన లేఖలో “మనమింకను పాపులమై యుండగానే” అన్నాడు. మరో రెండు వచనాల తరువాత ‘శత్రువులమై యుండగా’ అని ఇంకా గట్టి మాట వాడాడు. భక్తుడి దగ్గరకు కాక, తనకు ఎదురు తిరిగినవాడి దగ్గరకు, వాడు రమ్మనకముందే బయలుదేరి రావడం క్రైస్తవులు ఆశ్చర్యపోయి చెప్పుకొనే సంగతి. యోహాను తన మొదటి లేఖలో ఈ ముందువెనుకలనే నొక్కి చెప్పాడు: “మనము దేవుని ప్రేమించితిమని కాదు, తానే మనలను ప్రేమించి” అని. ఆ ‘తానే’ అన్న మాటలో పండుగ అంతా ఉన్నదని నా నమ్మకం.

ఇక వచ్చిన తీరు చూడండి. “పొత్తిగుడ్డలతో చుట్టి” పశువుల తొట్టిలో పరుండబెట్టారని లూకా రాశాడు. ఒంగోలు గిత్తలు పుట్టిన గడ్డ మీద బతుకుతున్నవాళ్లం, పశువుల తొట్టి అంటే మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో మా ఇంటి వెనుక కొట్టంలో, ఎడ్లు మేత మేసే తొట్టి అంచులు వాటి మెడలు ఒరుసుకొని ఒరుసుకొని అద్దంలాగా నున్నబడి ఉండేవి. లోపల చేయి పెడితే నమిలి వదిలిన చొప్ప ముక్కలు, తవుడు వాసన, ఎప్పుడూ పూర్తిగా ఆరని తడి తగిలేవి. మా అమ్మ ప్రతి ఉదయం అందులోని పాత గడ్డిని తీసి, కొత్త వరిగడ్డి పరిచేది. అంత మెత్తగా పరిచిన గడ్డి మీద కూడా ఒక పసిబిడ్డను పడుకోబెట్టాలంటే ఏ తల్లికైనా చేయి వెనుకాడుతుంది. పొత్తిగుడ్డలంటే మన ఇళ్లలో పాత నూలుచీర చింపి, ఉతికి, పురిటికి ముందే మడిచి పెట్టుకొనే మెత్తని పేలికలే. గొల్లవారికి దూత చెప్పిన ఆనవాలు కూడా అదే గాని, బిడ్డ చుట్టూ వెలుగుంటుందని గాని, తలపై కిరీటముంటుందని గాని చెప్పలేదు. గొల్లవాడు తన బిడ్డను ఎలా చుడతాడో అలా చుట్టిన బిడ్డ, తన గొర్రె మేసే తొట్టిలాంటి తొట్టిలో కనబడతాడని చెప్పాడు. లోపలికి వెళ్లడానికి ఆ గొల్లవారు చెప్పులు విడిచి బెరుగ్గా నిలబడవలసిన అవసరం లేని చోటది.

రక్షించడానికి వచ్చినవాడు మరొకరు ఎత్తుకుంటే తప్ప కదలలేని స్థితిలో, పాలు పడితే తప్ప బతకని స్థితిలో వచ్చాడన్నది క్రైస్తవ విశ్వాసం. ఆయన “తన్ను తాను రిక్తునిగా చేసికొనెను” అని ఫిలిప్పీయులకు రాసిన లేఖలో ఉన్నది. మాస్టారూ, ఇవ్వడం ప్రేమ అని అందరమూ ఒప్పుకుంటాం; ఎదుటివాడి చేతి మీద ఆధారపడడానికి ఒప్పుకోవడం కూడా ప్రేమేనని నేను బేత్లెహేము తొట్టి దగ్గర నేర్చుకున్నాను. మీరు అడిగిన కొత్త వార్త నాకు తెలిసినంతవరకు ఇదే. ఈ ఏడు కూడా పక్కింటివారు పిలిస్తే వెళ్లండి. వెళ్లి, గజేంద్రుని కథ వారికి మీరు చెప్పండి. వారు వినాలి.

ప్రశ్న: అయ్యగారూ, మా యూత్ నాటికలో నేను సత్రం యజమాని వేషం వేస్తున్నాను. మరియ యోసేపులను తరిమివేసే డైలాగులు నావే. ఇంతకీ బైబిలులో ఆ యజమాని ఉన్నాడా? డిసెంబరు 25 అన్న తేదీ కూడా బైబిలులో లేదని మా కాలేజీలో ఒకరన్నారు. లేనిదాన్ని మనం ఎందుకు చేస్తున్నాం? (కావలి, డిగ్రీ విద్యార్థి)

జవాబు: తేదీ సంగతి ముందు చెబుతాను, అది తొందరగా ముగుస్తుంది. బైబిలులో తేదీ లేదన్నది నిజం. డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని స్మరించినట్లు రోములో క్రీ.శ. 336 నాటి ఆధారం ఉన్నది. రోమీయుల సూర్యదేవుని పండుగకు ప్రతిగా ఆ తేదీని ఎన్నుకున్నారని కొందరంటారు. మార్చి 25న మరియ గర్భం ధరించిందని లెక్కించి, దానికి తొమ్మిది నెలలు కలిపారని మరికొందరంటారు. ఆర్మేనియా సంఘం జనవరి 6న, పాత పంచాంగాన్ని అనుసరించే రష్యా సంఘం జనవరి 7న ఈ పండుగ చేస్తాయి. పుట్టినరోజు రాసిపెట్టుకోని మన తాతలకు కూడా మనం ఏదో ఒక రోజున దండ వేసి కృతజ్ఞత చెప్పుకుంటున్నాం గదా తమ్ముడూ, ఇదీ అటువంటిదే.

సత్రం సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. లూకా సువార్తలో సత్రం యజమాని లేడు. తలుపు మూయడం లేదు, తరిమివేయడం అంతకంటే లేదు. “సత్రములో వారికి స్థలము లేనందున” అన్న ఒక్క మాట మాత్రమే ఉన్నది. అక్కడ లూకా వాడిన గ్రీకు పదం ‘కటాలుమా’. అదే పదాన్ని ఆయన 22వ అధ్యాయంలో ప్రభువు కడరాత్రి భోజనం చేసిన గదికి వాడితే, మన అనువాదకులు దాన్ని ‘విడిది గది’ అని తెలుగు చేశారు. డబ్బు తీసుకొని బస ఇచ్చే చోటును చెప్పవలసి వచ్చినప్పుడు, అంటే మంచి సమరయుని కథలో, లూకా వేరే పదం వాడాడు; దానికి మన బైబిలులో ‘పూటకూళ్లవాని యిల్లు’ అన్న చక్కని తెలుగు మాట ఉన్నది. కాబట్టి బేత్లెహేములో నిండిపోయినది చుట్టాల ఇంటి విడిది గది కావచ్చునని, అప్పుడు వారిని ఇంటివారు తాము ఉండే గదిలోనే సర్దుకోమని ఉంటారని పలువురు పండితులు చెబుతున్నారు. ఆ దేశపు పల్లెటూరి ఇళ్లలో రాత్రిళ్లు పశువులను ఇంటిలోనే ఒక పక్కన కట్టేసేవారు, మేత తొట్టి అక్కడే ఉండేది.

ఈ వివరణే నిజమని నేను ఒట్టు వేయను గాని, నా మనసు దీనివైపే మొగ్గుతుంది. అది నిజమైతే ఆ రాత్రి దేవుని కుమారుడు మనుషులు వెలివేసిన మూలన పుట్టలేదు; పెళ్లింటిలాగా కిక్కిరిసిన ఇంట్లో, దీపం చుట్టూ ఆడవాళ్లు గుమిగూడి ఉండగా, పక్కనే పశువులు నెమరువేస్తుండగా పుట్టాడు. “ఆ వాక్యము శరీరధారియై … మనమధ్య నివసించెను” అని యోహాను రాసిన చోట, గ్రీకులో ‘గుడారం వేసుకొన్నాడు’ అన్న అర్థమిచ్చే క్రియ ఉన్నది. మన మధ్య అంటే అంత దగ్గర. నీ నాటికలో ఆ వేషం తీసివేయమని చెప్పను. కాని తరిమివేసే డైలాగులకు బదులు, “ఇరుకుగా ఉన్నది, అయినా లోపలికి రండమ్మా” అనే డైలాగు ఒక్కసారి రాసి చూడమని మీ నాటిక రాసినవారిని అడుగు.

ప్రశ్న: అయ్యగారికి వందనములు. శ్రావణమాసంలో నా భర్త చనిపోయారు. ఏటా డిసెంబరు ఒకటిన ఆయనే వెదురు బద్దలతో నక్షత్రం కట్టి ఇంటిమీద పెట్టేవారు. ఈ ఏడు పెట్టకూడదని మా అత్తగారివైపు వారంటున్నారు. సంఘంలోని అక్కలేమో ప్రభువు పుట్టిన పండుగకు ఏడవకూడదు, సంతోషించాలి అంటున్నారు. నాకు సంతోషం రావడం లేదు. ఇది అవిశ్వాసమా? (సింగరాయకొండ)

జవాబు: అమ్మా, ఇది అవిశ్వాసం కాదు. ఈ మాట ముందు చెప్పి, తరువాత మిగిలినవి చెబుతాను.

మత్తయి సువార్త రెండవ అధ్యాయాన్ని క్రిస్మస్ ఆరాధనలలో మనం సగం వరకే చదువుతాం. జ్ఞానులు వచ్చారు, బంగారము, సాంబ్రాణి, బోళము అర్పించారు అన్నచోట పుస్తకం మూస్తాం. దాని తరువాతి వచనాలలో హేరోదు బేత్లెహేములోని మగబిడ్డలను చంపించాడు. అప్పుడు మత్తయి యిర్మీయా ప్రవక్త మాటలను తీసుకొచ్చి అక్కడ ఉంచాడు: రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ, “వారు లేనందున ఓదార్పు పొందనొల్లక యుండెను”. క్రిస్మస్ కథ లోపల, దాని నడిమధ్యన, ఓదార్పు వద్దన్న ఒక ఆడమనిషి ఏడుపు ఉన్నది. సువార్తికుడు ఆమెను తప్పుపట్టలేదు, ఏడుపు మానమనలేదు, ఆ వచనం కింద ఒక ఊరడింపు మాట అతికించి ఆమె నోరు మూయించలేదు. ఏడ్వనిచ్చాడు. లూకా సువార్తలోనూ అంతే. బిడ్డను దేవాలయానికి తీసుకువెళ్లిన తల్లితో వృద్ధుడైన సుమెయోను, “నీ హృదయములోనికి ఒక ఖడ్గము దూసికొనిపోవును” అన్నాడు. ఆ తల్లికి పండుగ పూట దక్కిన మాట అది. దేవుని ప్రేమ దుఃఖం లేని ఇళ్లు వెతుక్కుంటూ వచ్చిన ప్రేమ అయితే, బేత్లెహేములో దానికి చోటు దొరికేది కాదు. ఇమ్మానుయేలు అన్న పేరుకు ‘దేవుడు మనకు తోడు’ అని మత్తయి అర్థం చెప్పాడు. మీరు ఏడుస్తున్నప్పుడు పక్కన కూర్చున్నవాడని ఆ మాటకు నేను అర్థం చెప్పుకుంటాను.

నక్షత్రం గురించి. మా నాన్నగారు కూడా నక్షత్రం కట్టేవారు. వెదురు బద్దలను నీళ్లలో నానబెట్టి, రెండు చుక్కలుగా కట్టి, వాటి నడుమ చిన్న పుల్లలు నిలబెట్టి ఉబ్బెత్తుగా చేసేవారు. గాలిపటాల కాగితం ఎర్రది, పసుపుది తెచ్చి, మైదాపిండి ఉడికించిన జిగురుతో అతికించేవారు. మన కోస్తాలో డిసెంబరు అంటే వాయుగుండాల కాలం. మూడో రోజుకే వాన పడి రంగు కారి, గోడమీద ఎర్రటి చారలు దిగేవి. ఆయన మళ్లీ నిచ్చెన వేసుకొని ఎక్కి, కొత్త కాగితం అంటించేవారు. ఆయన పోయిన ఏడాది మా ఇంట్లోనూ మీరు అడిగిన ప్రశ్నే వచ్చింది. ఆ ఏడు మేము నక్షత్రం పెట్టలేదు. మరుసటి ఏడు నేను కట్టాను, అది ఒక పక్కకు వంకరగా వచ్చింది, అయినా పెట్టాము. రెండు ఏడాదులూ ప్రభువు మా ఇంట ఉన్నాడు.

నక్షత్రం సంతోషానికి గుర్తని మనం అనుకుంటాం గాని, మత్తయి కథలో అది చీకటిలో, తెలియని దేశంలో నడుస్తున్నవారికి దారి చూపిన దీపం. మన నెల్లూరుకు కూడా ఒక నక్షత్రం పేరు ఉన్నది. 1836లో అమెరికా బాప్టిస్టులు తెలుగువారి మధ్య మొదలుపెట్టి, 1840లో నెల్లూరులో నిలబెట్టిన మిషనులో ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమందే ఉండడంతో, దాన్ని మూసివేయాలా అని 1853లో వారి దేశంలో చర్చ జరిగింది. పటం మీద ఒంటరిగా కనిపిస్తున్న నెల్లూరును చూపి ఎవరో ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. ఆ మాటే నిలిచిపోయింది, దీపం ఆర్పలేదు. మీ ఇంటిమీద ఈ ఏడు పెట్టాలనిపిస్తే, కొన్నది కాకుండా, పిల్లలచేత కట్టించి పెట్టండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు. పెట్టాలనిపించకపోతే మానండి. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. సంఘంలోని అక్కలకు నా మనవి ఒక్కటే: ఆ రోజు ఆమెకు కూర వండే ఓపిక ఉండదు, కాస్త కూర తీసుకువెళ్లి ఆమెతో కలిసి తినండి.

ప్రశ్న: అయ్యగారూ, మా సంఘ యవనస్థులం చందాలు వేసుకొని క్రిస్మస్‌కు పేదలకు దుప్పట్లు పంచుతున్నాం. ముందు గంటసేపు వాక్యం చెప్పి, చివరిదాకా కూర్చున్నవారికే టోకెన్ ఇచ్చి దుప్పటి ఇవ్వాలని కొందరంటున్నారు. లేకపోతే దేవుని ప్రేమను చూపినట్లు ఎలా అవుతుందని వారి వాదన. మాలో మాకే తేడా వచ్చింది. (పొదిలి)

జవాబు: టోకెన్లు వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికి మన నేల మీద జరిగిన సంగతే ఒకటి ఉన్నది. దాన్ని మన సంఘాలు సగమే చెప్పుకుంటున్నాయి గనుక మిగిలిన సగం కూడా చెబుతాను.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పట్టుకున్న మహా క్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. లక్షలమంది ఆకలికీ, ఆకలి వెంట వచ్చిన కలరాకూ చనిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ ఎవెరెట్ క్లౌ. ఆయన బోధకుడు కాకముందు తన దేశంలో భూమి సర్వే పని చేసినవాడు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుండగా, ఆయన మూడు మైళ్లకు పైబడిన భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఊళ్లు వదలి వచ్చిన వేలమందికి అక్కడ కూలి దొరికేటట్లు చేశాడు. ఆయన దగ్గరి తెలుగు బోధకులే మేస్త్రీలుగా ఉండి పని చేయించారు. పలుగూ గంపా కింద పెట్టి జనం సేద తీరేటప్పుడు వారి పక్కన కూర్చొని, “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి” అన్న ప్రభువు మాట చెప్పేవారు. మట్టి మోసి వచ్చినవాడికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో మీరే ఆలోచించండి.

విన్నవారిలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు పనులు, కరువు సాయం నడుస్తున్న కాలమంతా, సుమారు 15 నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదని, అలా పెట్టుకున్నారన్న మాట కూడా రాకూడదని ఆయన పట్టుదల. మనం గొప్పగా చెప్పుకొనే సగం ఆ తరువాత జరిగినది: 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు, ఇచ్చినవారు తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఆ కాలంలో అంతమంది, అందులోనూ ఎక్కువగా మాదిగ పల్లెలవారు, ఎందుకు క్రైస్తవంలోకి వచ్చారన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదనను ఈ కాలమ్‌లో తేల్చలేను. నేను చెప్పేది ఆ 15 నెలల గురించి. పెట్టే చేయిని, పిలిచే నోటిని ఆయన వేరు చేసి ఉంచాడు. అన్నం అన్నంగానే పెట్టాడు.

క్రిస్మస్ ప్రేమకు అది సరిపోయిన నడత. దేవుడు తన కుమారుణ్ణి ఇచ్చేముందు లోకం చేత ఏ కాగితం మీదా వేలిముద్ర వేయించుకోలేదు. గంటసేపు చలిలో కూర్చోబెట్టి టోకెన్ చూపించమంటే, ఆ ముసలమ్మ దృష్టిలో దుప్పటి ఆ గంటకు కూలి అవుతుంది, వాక్యం ఆ కూలికి చేసిన పని అవుతుంది, రెండూ చెడిపోతాయి. వాక్యం చెప్పవద్దని నేననడం లేదు. మీ ఆరాధనకు అందరినీ పిలవండి, మనసారా చెప్పండి. దుప్పట్లు మాత్రం వేరే రోజు, వీలైతే చీకటిపడ్డాక, మీరే వారి ఇళ్లకు తీసుకువెళ్లి ఇవ్వండి. స్టేజీ మీదికి పిలిచి, చేతిలో పెట్టి ఫొటోలు తీయకండి. తీసుకొనేటప్పుడు ఆ మనిషి కళ్లు ఎటు చూస్తాయో ఒకసారి గమనిస్తే మీకే తెలుస్తుంది. మరియ పాడిన కీర్తనలో దేవుడు ఆకలిగొన్నవారిని మంచి పదార్థాలతో తృప్తిపరిచాడని ఉన్నది గాని, వారిని వరుసలో నిలబెట్టాడని లేదు. ఎందుకు ఇస్తున్నారని వారే అడిగితే అప్పుడు చెప్పండి. అడగకపోతే చలికాలం గడిచేదాకా కప్పుకోనివ్వండి.

ప్రశ్న: మా అన్నకూ నాకూ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి నాలుగేళ్లుగా మాటలు లేవు. గట్టు జరిపింది ఆయనే, ఊరంతటికీ తెలుసు. క్రిస్మస్‌కు నేనే ముందు వెళ్లి పలకరించాలని నా భార్య పట్టుబడుతున్నది. తప్పు చేసినవారు గదా ముందు రావలసినది? (అల్లూరు)

జవాబు: న్యాయంగా చూస్తే మీరన్నది సరైనదే. అయినా మీ భార్య మాట వినండి.

ప్రభువు కొండమీది ప్రసంగంలో, బలిపీఠం దగ్గర అర్పణం పెట్టేవాడికి తన సహోదరునికి తనమీద విరోధమేమైనా ఉన్నదని గుర్తుకు వస్తే, అర్పణను అక్కడే వదిలి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు. ఆ మాటలలో తప్పు ఎవరిదన్న విచారణ లేదు. గుర్తుకు వచ్చినవాడే వెళ్లాలి. పైన మాస్టారికి రాసిన జవాబులో ‘తానే మనలను ప్రేమించి’ అన్న మాట ఎత్తాను గదా, అది రాసిన యోహానే మరికొంత కిందకు వచ్చి, “ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము” అన్నాడు. దేవునికి మనకు మధ్య ఉన్న గట్టును జరిపింది మనమే. అయినా ముందు వచ్చింది ఆయన. మీరు పండుగనాడు పాడే పాటలన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఉన్నాయి.

అలాగని గట్టు వదులుకోమని నేను చెప్పడం లేదు. సంక్రాంతి వెళ్లిన తరువాత ఇద్దరూ అర్జీ పెట్టుకొని, సర్వేయరుచేత కొలిపించి, రాళ్లు పాతించుకోండి. ప్రేమ ఉన్న ఇంట్లో కూడా కొలతలు సరిగా ఉండాలి. కాని ఆ మాట పండుగ వారంలో ఎత్తకండి. కేకు, స్వీట్లు, బట్టలు ఏమీ పట్టుకువెళ్లకండి. నాలుగేళ్ల తరువాత చేతిలో పెట్టెతో వెళితే, తనను చిన్నబుచ్చడానికి వచ్చారని ఆయన అనుకోవచ్చు. సమరయ స్త్రీ దగ్గరకు వచ్చిన ప్రభువు తాను ఇవ్వగల జీవజలం గురించి తరువాత చెప్పాడు. ముందు “నాకు దాహమునకిమ్ము” అని అడిగాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయని రోజులవి. మీరు కూడా ఇరవై నాలుగో తేదీ సాయంత్రం, పొలం నుండి వచ్చే వేళకు, వట్టి చేతులతో వెళ్లి, మీ అన్న ఇంటి అరుగుమీద కూర్చొని, “వదినా, కాసిన్ని మంచినీళ్లు ఇయ్యి” అని అడగండి.